సరిహద్దు మూసిన రిపబ్లిక్: ఆటలో నిలబడుతుంది, చరిత్రలో ఎందుకు కూలింది?

సంక్షిప్తంగా: స్ట్రాటజీ గేముల్లో బయటి ప్రపంచంతో తెగదెంపులు చేసుకున్న కమ్యూనిస్టు దేశాన్ని నెగ్గించడం కష్టమే కానీ అసాధ్యం కాదు. చరిత్రలో ఆ దారి పట్టిన అల్బేనియా, ఉత్తర కొరియాల్లోనూ, అప్పుల మీద అదే పట్టుదల చూపిన రుమేనియాలోనూ జనం భారీ మూల్యం చెల్లించారు. ఇంధనం, విదేశీ మారకం, విడిభాగాల కొరత లాంటి భౌతికమైన చిక్కులను గేములు బాగా పట్టుకున్నాయి. మూసుకున్న రాజ్యంలో పై వాళ్లకు నిజం లెక్క చేరదన్న సంగతిని మాత్రం పట్టుకోలేకపోయాయి.

దిగుమతులు వద్దు, అప్పు వద్దు, ఏ కూటమీ వద్దు అనుకుని ఒక సోషలిస్టు రిపబ్లిక్‌ను నిలబెట్టాలని చూడటం స్ట్రాటజీ గేములు ఆడేవారికి ఇష్టమైన సవాళ్లలో ఒకటి. మ్యాపులో బొగ్గు ఉంటుంది, ఇనుము ఉంటుంది, చమురు ఉంటుంది, సాగు భూమి ఉంటుంది. అయినా మొదటిసారి ప్రయత్నించినవారి రిపబ్లిక్ చాలాసార్లు రెండు మూడు శీతాకాలాలు దాటదు. ఓడినవారు గేమ్ నియమాలే అన్యాయంగా ఉన్నాయంటారు. పట్టు చిక్కి గెలిచినవారిలో కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఈ విధానంలో తప్పేమీ లేదని, అప్పటి పాలకులకే చేతకాలేదని తేల్చేస్తారు. ఈ రెండు అభిప్రాయాలకూ ఆధారం గేముల నిర్మాణంలోనే ఉంది.

చట్టం రూపంలో ఒంటరితనం

పారడాక్స్ సంస్థ 2016లో తెచ్చిన రెండో ప్రపంచ యుద్ధ కాలపు గేము హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4లో వాణిజ్యం మీద నాలుగు చట్టాలుంటాయి. స్వేచ్ఛా వాణిజ్యం ఎంచుకుంటే దేశంలో దొరికే వనరుల్లో 80 శాతం ప్రపంచ మార్కెట్‌కు వెళ్తాయి. తర్వాతి రెండు చట్టాల్లో ఆ వాటా 50 శాతానికి, 25 శాతానికి తగ్గుతుంది. నాలుగోదైన మూసిన ఆర్థిక వ్యవస్థలో ఒక్క టన్ను కూడా బయటికి పోదు. బదులుగా పరిశోధన వేగానికి, ఫ్యాక్టరీల ఉత్పత్తికి దొరికే అదనపు బలం పోతుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఈ చట్టం ఎగుమతులను ఆపుతుంది తప్ప దిగుమతులను ఆపదు. 8 యూనిట్ల వనరుకు ఒక సివిలియన్ (యుద్ధ సామగ్రి చేయని) ఫ్యాక్టరీ చొప్పున కేటాయిస్తే ఎవరి దగ్గరైనా సరుకు కొనవచ్చు. సోవియట్ యూనియన్‌గా ఆడేవారికి చమురు దండిగా ఉంటుంది కానీ రబ్బరు కరువు. విమానాలకు, ట్రక్కులకు రబ్బరు కావాలి. కొనడం ఇష్టం లేకపోతే సింథటిక్ రిఫైనరీలు కట్టాలి, వాటికోసం ట్యాంకులనో ఫ్యాక్టరీలనో వాయిదా వేయాలి. అంటే ఈ గేములో ఒంటరితనం తుపాకులకు, రిఫైనరీలకు మధ్య బేరంగా మారిపోతుంది.

అదే సంస్థ 2022లో విడుదల చేసిన విక్టోరియా 3లో నియమం ఇంకా కఠినం. ఏకాంతవాద చట్టం అమల్లో ఉంటే బయటి వ్యాపారమే ఉండదు. 1836లో జపాన్ ఆట మొదలయ్యేది ఆ చట్టంతోనే. దేశంలో దొరకని సరుకు ధర ఎగబాకుతుంది, దాన్ని వాడే పరిశ్రమలు నష్టాల్లో పడతాయి.

రెండు గేముల్లోనూ ఒంటరితనం ఒక మీట. నొక్కితే మొదలవుతుంది, మరోసారి నొక్కితే ముగుస్తుంది. అది ఎలా వచ్చిందో, ఎవరి డబ్బుతో నడిచిందో ఈ నమూనా చెప్పదు. ఆ ప్రశ్నకు దగ్గరగా వెళ్లిన గేము వేరే ఉంది.

బొగ్గు ఆగిన వారం

వర్కర్స్ అండ్ రిసోర్సెస్: సోవియట్ రిపబ్లిక్‌ను స్లొవేకియాకు చెందిన 3డివిజన్ తయారు చేసింది. 2019లో అసంపూర్ణ రూపంలో అమ్మకానికి వచ్చి, 2024 జూన్‌లో పూర్తి రూపం దాల్చింది. ఇందులో ఒకవైపు సోవియట్ కూటమి సరిహద్దు, మరోవైపు నాటో సరిహద్దు ఉంటాయి. ఒకచోట రూబుళ్లు, రెండోచోట డాలర్లు. రెండు ఖజానాలూ వేరువేరు. రూబుళ్లు ఎన్ని పోగుపడ్డా వాటితో నాటో సరిహద్దులో ఒక్క ట్రక్కు కూడా కొనలేరు.

ఈ రెండు కరెన్సీల సంగతి భారతీయులకు కొత్త కాదు. 1950ల నుంచి సోవియట్ యూనియన్‌తో మన వ్యాపారం చాలావరకు రూపాయల్లోనే సాగింది. సోవియట్ సహకారంతో వచ్చిన హైదరాబాద్‌లోని మందుల కర్మాగారం ఐడీపీఎల్, విశాఖ ఉక్కు కర్మాగారం ఆ సంబంధం పెరిగిన కాలానికి చెందినవే. ఆ ఖాతాలో మిగులు ఎంత ఉన్నా, పశ్చిమ దేశాల యంత్రానికో గల్ఫ్ చమురుకో విడిగా డాలర్లు వెతుక్కోవలసిందే.

గేములో అసలు పాఠం రియలిస్టిక్ మోడ్‌లో మొదలవుతుంది. డబ్బు కట్టి భవనాన్ని క్షణాల్లో లేపే సదుపాయం అందులో ఉండదు. కంకర, సిమెంటు, ఇటుక, ఉక్కు ఏదైనా ట్రక్కులో రావాలి. ట్రక్కుకు ఇంధనం కావాలి, రోడ్డు కావాలి. పని చేయడానికి మనుషులు బస్సులో రావాలి.

ఒక చిన్న పట్నాన్ని, దానికి ఆధారమైన బొగ్గు గనిని తీసుకుందాం. గనిలో వచ్చిన ముడి బొగ్గు శుద్ధి ప్లాంటుకు పోవాలి. గనికి, కన్వేయర్‌కు, ప్లాంటుకు కరెంటు కావాలి. ఆ కరెంటు శుద్ధి అయిన బొగ్గుతోనే వస్తుంది. ఊరి ఇళ్లను వెచ్చగా ఉంచే హీటింగ్ ప్లాంటుకూ అదే బొగ్గు. ఇప్పుడు డీజిల్ నిల్వ తగ్గిందనుకుందాం. గనికి కూలీలను తీసుకెళ్లే బస్సులు నిలిచిపోతాయి. మనుషులు రాక తవ్వకం పడిపోతుంది, పవర్ ప్లాంటు నిల్వ కరిగిపోతుంది, కరెంటు సన్నగిల్లుతుంది. కరెంటు లేక గని మరింత మందగిస్తుంది. బయట మంచు కురుస్తూ ఉంటే హీటింగ్ ప్లాంటు చల్లబడుతుంది. ఇళ్లలో జనం జబ్బు పడతారు, పనికి వచ్చేవారి సంఖ్య ఇంకా తగ్గుతుంది. మొదటి తప్పు డీజిల్ దగ్గర జరిగింది. అది బయటపడేసరికి ఆసుపత్రి నిండిపోయి ఉంటుంది.

సరిహద్దు తెరిచి ఉంటే ఈ వలయాన్ని తెంచడం సులువు. తీగ లాగి పొరుగు దేశపు కరెంటు కొనవచ్చు, నాలుగు ట్యాంకర్ల డీజిల్ తెప్పించవచ్చు. దిగుమతి మార్గం ఖరీదైనదే, అయినా అదే బీమా. ఒంటరి రిపబ్లిక్ వదులుకునేది ముందుగా ఈ బీమానే.

ఉత్తర కొరియాలో 1990ల్లో జరిగినదానికి ఈ వలయం చాలా దగ్గర. స్వయం సమృద్ధిని ప్రకటించుకున్న ఆ దేశపు పరిశ్రమ సోవియట్, చైనా ఇంధనం మీద, స్నేహ ధరల మీద నడిచేది. 1990-91లో మాస్కో విదేశీ మారకంలో చెల్లింపులు కోరడంతో చమురు రాక పడిపోయింది. కరెంటు తగ్గి గనుల్లోంచి నీరు తోడే పంపులు ఆగాయి, బొగ్గు తగ్గింది. ఎరువుల కర్మాగారాలు మూలపడ్డాయి. ఎరువు లేని పొలాల్లో పంట సగం పడుతుండగా 1995లో వరదలు వచ్చాయి. కరువులో చనిపోయినవారి సంఖ్యపై అంచనాలు కొన్ని లక్షల నుంచి 20 లక్షలకు పైగా ఉన్నాయి. వరదలను కారణంగా చూపడం ప్రభుత్వానికి అనుకూలించింది గానీ, పతనం అంతకు నాలుగైదేళ్ల ముందు చమురు దగ్గరే మొదలైంది.

అల్బేనియా: మూడు తెగదెంపులు, ముగ్గురు పోషకులు

ఒంటరి కమ్యూనిస్టు దేశానికి అత్యంత శుద్ధమైన ఉదాహరణ ఎన్వర్ హోజా పాలించిన అల్బేనియా. 1944 నుంచి 1985 ఏప్రిల్‌లో మరణించేదాకా అధికారం ఆయన చేతిలోనే ఉంది. ఆ 41 ఏళ్లనూ ఒకే విధానంగా చూడటం పొరపాటు. దగ్గరగా చూస్తే అవి మూడు స్నేహాలు, మూడు విడాకులు.

యుద్ధం ముగిశాక యుగోస్లావియా ఈ చిన్న దేశాన్ని పోషించింది. 1948లో సోవియట్ నేత స్టాలిన్, యుగోస్లావియా నేత టిటో విడిపోగానే హోజా స్టాలిన్ పక్షం చేరి బెల్‌గ్రేడ్‌తో తెంచుకున్నాడు. తర్వాత సోవియట్ సాయం వచ్చింది. స్టాలిన్ తర్వాత వచ్చిన క్రుశ్చేవ్ ఆయన్ను విమర్శించడం, యుగోస్లావియాతో రాజీ పడటం హోజాకు మింగుడుపడలేదు. 1961లో ఆ బంధమూ తెగింది. వ్లోరా దగ్గరి స్థావరం నుంచి సోవియట్ నౌకాదళం వెళ్లిపోతుంటే నాలుగు జలాంతర్గాములను అల్బేనియా తన దగ్గరే ఉంచేసుకుంది. చెకొస్లొవేకియాపై దండయాత్ర జరిగిన 1968లో సోవియట్ కూటమి సైనిక ఒప్పందమైన వార్సా ఒప్పందం నుంచి లాంఛనంగా తప్పుకుంది. అప్పటికి ధాన్యం, యంత్రాలు, నిపుణులు చైనా నుంచి వస్తున్నారు. ఎల్బసాన్‌లోని భారీ ఉక్కు కర్మాగారం చైనా సాయంతో లేచినదే.

1976 నాటి రాజ్యాంగం 28వ అధికరణలో విదేశీ కంపెనీలకు రాయితీలు ఇవ్వడాన్ని, పెట్టుబడిదారీ, రివిజనిస్టు (అసలు కమ్యూనిస్టు సిద్ధాంతం నుంచి పక్కకు తప్పాయని హోజా నిందించిన) దేశాల నుంచి అప్పు తీసుకోవడాన్ని నిషేధించింది. గేములోని మూసిన ఆర్థిక వ్యవస్థ మీటకు చరిత్రలో ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు. కానీ ఆ అక్షరాలు రాసే నాటికి చైనా సాయం తగ్గుతున్నా ఇంకా అందుతూనే ఉంది. 1978లో బీజింగ్ దాన్ని పూర్తిగా ఆపేసింది. చట్టం చెప్పిన ఒంటరితనం నిజంగా మొదలైంది అప్పుడే. పోషకుడు లేని వ్యవస్థ అక్కడి నుంచి దాదాపు 12 ఏళ్లు నిలిచింది. అంతకు ముందు 30 ఏళ్లు నడిచింది పరాయి సొమ్ముతో.

గేములో ఆటగాడికి మొదట్లో దొరికే రూబుళ్లు, లోన్లు ఈ పోషకుడి పాత్రనే పోషిస్తాయి. తొలి రెండు దశాబ్దాల దిగుమతులతో ఫ్యాక్టరీలు కట్టుకుని ఆ తర్వాత తలుపులు మూసేవారు గెలుస్తారు. హోజా చేసింది స్థూలంగా అదే. తేడా యంత్రాల వయసు దగ్గర వచ్చింది. చైనా యంత్రాలకు విడిభాగాలు ఆగిపోయాక, ఉన్న యంత్రంలోంచి భాగాలు తీసి మరో యంత్రానికి బిగించుకుంటూ 1980లు గడిచాయి. కొత్త సాంకేతికత కొనాలంటే అప్పు కావాలి, అప్పును రాజ్యాంగమే నిషేధించింది.

అప్పుడు కూడా తలుపు పూర్తిగా పడలేదు. బుల్చీజ గనుల నుంచి వచ్చే క్రోమియం ఖనిజంలో అల్బేనియా ప్రపంచంలోని ముఖ్యమైన ఉత్పత్తిదారుల్లో ఒకటి. డ్రిన్ నది మీది జలవిద్యుత్తును పొరుగు దేశాలకు అమ్మేది. రేడియోలో రోజూ తిట్టే యుగోస్లావియాతో వస్తుమార్పిడి వ్యాపారం సాగింది. 1986లో ష్కోదర్ నుంచి యుగోస్లావియాలోని టిటోగ్రాడ్‌కు సరుకుల రైలు మొదలై దేశం యూరప్ రైల్వేతో కలిసింది. 1980ల చివర్లో వానలు ముఖం చాటేసి నదులు ఎండితే కరెంటు, దాని ద్వారా వచ్చే విదేశీ మారకం రెండూ ఒకేసారి పడిపోయాయి.

బంకర్ల సంగతి వేరే చెప్పాలి. దండయాత్ర భయంతో సుమారు 1,73,000 కాంక్రీటు బంకర్లు దేశమంతా వెలిశాయి. 1980ల చివరి జనాభా సుమారు 30 లక్షలు కనుక దాదాపు 17-18 మందికి ఒకటి అన్నమాట. ఇళ్లు, రోడ్లు కావలసిన దేశంలో సిమెంటు, ఉక్కు, మనుషుల శ్రమ వాటిలోకి పోయాయి. గేములో ఇలాంటి ఖర్చును ఏ ఆటగాడూ పెట్టడు, ఎందుకంటే శత్రువు వస్తాడో రాడో అతనికి ముందే తెలుసు. నిజ జీవితంలోని ఒంటరితనం తన భయాన్ని తానే పెంచుకుంటుంది. పొరుగువారి గురించిన సమాచారం తగ్గేకొద్దీ వారి ఉద్దేశాల మీద అనుమానం పెరుగుతుంది.

ఆటగాడికి కనిపించే లెక్క

ఒంటరి రిపబ్లిక్‌తో గెలిచినవారు చెప్పే వ్యూహాలన్నిటికీ ఒకే పునాది ఉంది: సరైన సంఖ్యలు. పవర్ ప్లాంటు మీద మౌస్ పెడితే బొగ్గు ఎన్ని టన్నులుందో తెలుస్తుంది. ఏ కాలనీలో మాంసం దొరకడం లేదో, ఏ బస్సు ఖాళీగా తిరుగుతోందో తెలుస్తుంది. ఆ సంఖ్య ఎప్పుడూ అబద్ధమాడదు. గని మేనేజరుకు భయం లేదు, పదోన్నతి మీద ఆశా లేదు.

కేంద్ర ప్రణాళికతో నడిచిన దేశాల్లో అతి పెద్ద విపత్తుల్లో కొన్ని ఈ లెక్క తప్పిన చోటే పుట్టాయి. చైనాలో 1958లో మొదలైన గ్రేట్ లీప్ (ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచాలన్న మావో ఉద్యమం) కాలంలో కమ్యూన్లు, అంటే ఉమ్మడి సాగు సంఘాలు, ఒకదాన్ని మించి ఒకటి దిగుబడులు పెంచి చూపాయి. కాగితం మీది పంటను బట్టి ప్రభుత్వం ధాన్యం సేకరించింది. పల్లెల్లో మిగిలింది నిజం పంటలోని కొరత. 1959 లూషాన్ పార్టీ సమావేశంలో రక్షణ మంత్రి పెంగ్ దహువాయ్ ఈ పరిస్థితిపై మావోకు లేఖ రాశారు, పదవి పోగొట్టుకున్నారు. ఆ తర్వాత నోరు విప్పే ధైర్యం ఎవరికుంటుంది? ప్రజలు ఆకలితో చనిపోతున్న ఏళ్లలో కూడా చైనా ధాన్యం ఎగుమతి చేసింది. మృతుల అంచనాలు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉన్నాయి.

అల్బేనియాలో ఇదే చిన్న స్థాయిలో జరిగింది. 1970ల మధ్యలో సైన్యం, చమురు, ప్రణాళికా రంగాల పెద్దలను ప్రక్షాళన పేరుతో వరసగా తొలగించి శిక్షించారు. రక్షణ మంత్రి బెకీర్ బల్లుకు 1975లో మరణశిక్ష అమలైంది. ప్రణాళికా సంఘానికి నాయకత్వం వహించిన అబ్దుల్ కెలెజీకీ అదే గతి పట్టింది. చమురు దిగుబడి పడిపోతోందని ఒక ఇంజనీరు రాస్తే, దాన్ని విధ్వంసక చర్యగా చదివే అవకాశం ఉన్న చోట ఆ వాక్యం రాయకపోవడమే క్షేమం. బయటి దేశాల నిపుణులు, పత్రికలు, అప్పిచ్చే సంస్థలు ఉంటే కనీసం పోల్చుకోవడానికి మరో లెక్క దొరికేది. సరిహద్దుతోపాటు ఆ రెండో లెక్క కూడా మూసుకుపోతుంది.

హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4కు 2021లో వచ్చిన నో స్టెప్ బ్యాక్ విస్తరణ ఈ ప్రాంతంలోకి ఒక అడుగు వేసింది. స్టాలిన్ అనుమానాన్ని ఒక కొలమానంగా పెట్టింది. ప్రక్షాళనలో అనుభవమున్న సేనానులు పోతారు, యుద్ధం వచ్చినప్పుడు ఆ లోటు తెలుస్తుంది. మంచి ఆలోచన. అయితే అక్కడ కూడా ఆటగాడికి నష్టం ఎంతో ముందే కనిపిస్తుంది, కాబట్టి దాన్ని ఒక ఖర్చులాగా లెక్కేసుకుని ముందుకు పోతాడు.

అప్పు తీర్చిన దేశం

రుమేనియాను ఒంటరి దేశం అనలేం. అది వార్సా ఒప్పందంలోనే ఉంటూ పశ్చిమ దేశాలతోనూ వ్యాపారం చేసింది. కానీ గేములో లోన్ మొత్తం తీర్చేసి సున్నా చూడాలని తపించేవారికి దాని పాలకుడు నికొలాయ్ చౌషెస్కు అనుభవం తెలియాలి. 1980ల మొదట్లో దాదాపు 1,000 కోట్ల డాలర్ల విదేశీ రుణం ఉండేది. ఎవరికీ లొంగకూడదన్న పట్టుదలతో దాన్ని పూర్తిగా తీర్చాలని నిర్ణయించారు. తిండి సరుకులు ఎగుమతికి పోయాయి. ఇళ్లలో రేషన్, కరెంటు కోతలు వచ్చాయి. శీతాకాలంలో అపార్ట్‌మెంట్లకు వేడి అందక జనం ఓవర్‌కోట్లతో పడుకున్నారు. 1989 వసంతంలో అప్పు తీరిందని ప్రకటన వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 25న చౌషెస్కు దంపతులను కాల్చి చంపారు. ఖాతా పుస్తకం ప్రకారం ఆ రోజుకు దేశం గత దశాబ్దంలో ఎన్నడూ లేనంత బలంగా ఉంది.

విధేయత ఒక అంకె అయినప్పుడు

సోవియట్ రిపబ్లిక్ గేములో పౌరులకు తిండి, బట్టలు, వినోదం, వైద్యం కావాలి. అవి అందకపోతే సంతృప్తి తగ్గుతుంది, కొందరు దేశం విడిచి పారిపోతారు. విధేయత పెంచడానికి స్మారకాలు, రేడియో, టీవీ కేంద్రాలు ఉన్నాయి. పారిపోయిన మనిషి ఆటగాడి దృష్టిలో ఒక కార్మికుడి లోటు, అంతే.

అల్బేనియాలో ఒకరు సరిహద్దు దాటితే వెనక మిగిలిన కుటుంబాన్ని మారుమూల పల్లెలకు పంపి నిర్బంధంలో ఉంచేవారు. స్పాచ్ గనుల్లో రాజకీయ ఖైదీలు తవ్వకాలు చేసేవారు. 1967లో మతాచరణ మొత్తం నిషేధమైంది, మసీదులు, చర్చిలు గోదాములుగా, క్రీడా మందిరాలుగా మారాయి. ఇలాంటి నియంత్రణ విధేయత పెంచుతుందా అన్నదానికి 1990 జవాబిచ్చింది. ఆ జులైలో సుమారు 5,000 మంది రాజధాని టిరానాలోని విదేశీ రాయబార కార్యాలయాల గోడలు దూకి ఆశ్రయం కోరారు. డిసెంబర్‌లో హోజా వారసుడు రమీజ్ అలియా బహుళ పార్టీలకు ఒప్పుకోవలసి వచ్చింది. 1991 ఫిబ్రవరిలో రాజధాని నడిబొడ్డున హోజా విగ్రహాన్ని జనం పడగొట్టారు. ఆగస్టులో వ్లోరా అనే ఒక్క సరుకుల ఓడలో దాదాపు 20,000 మంది ఇటలీలోని బారి రేవు చేరారు.

ఇన్నేళ్ల నిశ్శబ్దం విధేయతలా కనిపించింది. గేములోని కొలమానం ఏ నెలకానెల కొంచెం కొంచెంగా తగ్గుతూ హెచ్చరిస్తుంది. నిజమైన రాజ్యంలో అది కూలే వారం దాకా నూటికి నూరుగానే నమోదైంది. 1980ల ఎన్నికల ఫలితాల్లో పార్టీ అభ్యర్థులకు దాదాపు అందరి ఓట్లూ పడినట్టు చూపారు.

ఆటలో పనికొచ్చేది, తయారీదారులకు మిగిలినది

ఈ పోలికల వల్ల ఆటగాడికి కలిగే ప్రయోజనం తలుపులు మూసే క్రమం గురించి. ముందు ఆహారం, తర్వాత ఇంధనం, కరెంటు, నిర్మాణ సామగ్రి. యంత్రాల విడిభాగాలు, ఎలక్ట్రానిక్స్, వాహనాలు అన్నిటికన్నా చివర. బట్టలలాంటి ఎగుమతి సరుకు ఒకటి ముందే నిలబెట్టుకుంటే, తప్పనిసరి దిగుమతులకు డాలర్లు దొరుకుతాయి. ఒకే ఇంధనం మీద కరెంటునూ వేడినీ రెండిటినీ ఆనించకూడదు. ఒక శీతాకాలానికి సరిపడా బొగ్గు నిల్వ లేకుండా సరిహద్దు కస్టమ్స్ హౌస్‌ను ఖాళీ చేయకూడదు.

గేము తయారీదారులు చేయగలిగింది ఇంకా ఉంది. దాదాపు ప్రతి యుద్ధ వ్యూహ గేములోనూ శత్రువు భూభాగం మీద పొగమంచు కప్పి ఉంటుంది, గూఢచారులు లేకుండా అక్కడేముందో కనిపించదు. మూసిన రాజ్యంగా ఆడినప్పుడు అదే పొగమంచు సొంత దేశం మీద కప్పితే చాలు. గని నుంచి వచ్చే సంఖ్యను ఆ గని మేనేజరు నింపాలి. అధికారిని జైలుకు పంపిన ప్రతిసారీ మిగతా అధికారుల నివేదికలు మరింత తియ్యగా మారాలి. నిల్వ 900 టన్నులని తెర మీద కనిపిస్తూ ఉండగా హీటింగ్ ప్లాంటు ఆగిపోతే, ఆటగాడు మొదటిసారిగా 1990 నాటి టిరానాలోని మంత్రి కుర్చీలో కూర్చున్నట్టు.